మూడో రోజు డికాషన్

సంచిలో అన్నిటికంటే అడుగున నల్ల తువ్వాలు పరిచింది డికాషనమ్మ. దాని మీద నాలుగు జతల బట్టలు, ఆ బట్టల మధ్య పగలకుండా చిన్న అద్దం, పక్కన సూదీ దారం, పంటినొప్పి మాత్రలు, సబ్బు, రెండు పొట్లాల టీ పొడి. కాగితాలున్న కవరు అన్నిటికీ పైన. పెట్టినవన్నీ మళ్ళీ మంచం మీదికి తీసి, వేళ్ళు మడిచి చూసుకుని, మళ్ళీ అదే వరుసలో పెట్టింది. పొద్దుట్నించీ ఇది మూడోసారి.

“అక్కా, అది సంచీయే. జ్వరం వచ్చిన పిల్లేం కాదు, గంటగంటకీ ఒళ్ళు పట్టి చూడ్డానికి,” అంది చెల్లెలు. ఆమె కిటికీ పక్క బల్ల మీద రేపు వేసుకోబోయే బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది.

“నీకేం, నువ్వు వెళ్ళేదానివి. సర్దేదాన్ని నేను. ఏదైనా మర్చిపోతే తిట్టేది నన్నే.”

“నడిసముద్రంలో తిడితే నీకు వినబడుతుందేంటి?”

“వినబడదు. పొలమారుతుంది. పదకొండు నెలలు రోజూ పొలమారి చస్తాను.”

చెల్లెలు నవ్వింది గాని చేతిలో ఇస్త్రీపెట్టె ఆపలేదు. ఇస్త్రీపెట్టె చేతిలో ఉండగా ఆమె దేనికీ ఆగదు. ఇరవయ్యారేళ్ళు పెద్దాసుపత్రి బట్టలుతికే విభాగంలో దుప్పట్లు, కోట్లు, తలగడ గలేబులు ఇస్త్రీ చేసిన చెయ్యి అది.

వీధిలో చిన్నాపెద్దా అందరికీ అక్క డికాషనమ్మే. పదహారేళ్ళుగా ఆ ముందు గదిలో ఆడవాళ్ళ తలలకి టీ నీళ్ళు పోస్తోంది. రంగు డబ్బాలు ఒంటికి పడనివాళ్ళు, పడినా భయపడేవాళ్ళు, భయం లేకపోయినా ఇంట్లోవాళ్ళు నవ్వుతారని సిగ్గుపడేవాళ్ళు ఆమెని వెతుక్కుంటూ వస్తారు. జుట్టు ఊడుతోందంటే మందారాకులు నలిపిన నీళ్ళు. దురదంటే పుదీనా కాచిన నీళ్ళు. కొసలు చిట్లుతున్నాయంటే ముందురోజు నానేసిన మెంతుల నీళ్ళు. నెరిసిన తలకి మాత్రం టీ ఒక్కటే. తలుపు మీద బోర్డు లేదు. పొయ్యి మీద మరిగే టీ వాసనే బోర్డు. ఆ వాసన పట్టుకుని నెలకొకడైనా గుమ్మంలోకి వచ్చి, “అమ్మా, స్ట్రాంగ్‌గా ఒక టీ,” అంటాడు. “నెత్తిన పొయ్యమంటావా నాయనా?” అని అడుగుతుంది డికాషనమ్మ.

కొత్తగా వచ్చినవాళ్ళకి ఆమె చెప్పే మాట ఒకటే. టీ అద్దేది రంగు కాదమ్మా, నీడ. నీడ ఒక్కరోజులో ముదరదు. మూడు రోజులు వరసగా పొయ్యాలి. మొదటి రోజుకి తెల్ల వెంట్రుక ఎండుగడ్డిలా అవుతుంది, రెండో రోజుకి ఎండుటాకులా అవుతుంది, మూడో రోజుకి గాని చూసినవాళ్ళు నల్లదే అనుకునే రంగు రాదు. మొదటి రెండూ గోడలు, మూడోది కప్పు. కప్పు లేని ఇల్లు ఇల్లు కాదు.

ఇవాళ చెల్లెలికి మూడో రోజు.

ఆసుపత్రివాళ్ళు ఉతుకుడు పని బయటి కంపెనీకి అప్పజెప్పి, ఆ విభాగానికి తాళం వేసి రెండేళ్ళయింది. అంతకుముందు ఆ ఆవరణలో డాక్టర్ల దగ్గర్నించి వార్డు బోయ్‌ల దాకా ఆమెని ‘ఇస్త్రీ’ అనే పిలిచేవారు. “ఇస్త్రీ ఇవాళ రాలేదా?”, “ఇస్త్రీని అడుగు, ఆవిడకే తెలుసు.” ఇప్పుడామె అక్కకి బకెట్లతో నీళ్ళు మోస్తుంది, తడి తువ్వాళ్ళు ఆరేస్తుంది, ముందు గదిలో రాలిన వెంట్రుకలు ఊడుస్తుంది. వీధిలో ఆమె ఇప్పుడు ‘డికాషనమ్మ చెల్లెలు’. ఎవరైనా అలా అన్నప్పుడు చెల్లెలి దవడ బిగుసుకోవడం డికాషనమ్మ చూసింది. చూసి, చూడనట్టు ఊరుకుంది.

ఒక ప్రయాణికుల ఓడలో ఇస్త్రీ పనికి ఆడవాళ్ళు కావాలన్న ప్రకటన చెల్లెలే పేపర్లో చూసింది. ఎంపిక రేవు పట్నంలో. ఇక్కడ సాయంత్రం ఆరింటికి బస్సెక్కితే పొద్దున్నకి అక్కడ దిగొచ్చు. ఎంపికైనవాళ్ళు అదే రోజు ఓడెక్కాలి, ఎక్కితే పదకొండు నెలలకి గాని దిగడం ఉండదు. కానివాళ్ళు ఆ సాయంత్రం బస్సుకే వెనక్కి రావచ్చు. వయసు యాభై లోపు ఉండాలి. చెల్లెలికి నలభై తొమ్మిది. కాగితం ఒప్పుకుంటుంది, తలే ఒప్పుకోదు. ఆవిరిలో ఉడికి ఉడికి ముప్పై ఐదేళ్ళకే ఆమె జుట్టు దూదిలా తెల్లబడింది. ఎంపిక చేసే ఆఫీసరు కాగితాలు ముందు చూడడు. వరసలో నిలబెట్టి తలలు చూసుకుంటూ నడుస్తాడు. నెరిసిన తల కనబడితే, “మీరు కాస్త పక్కన నించోండమ్మా,” అంటాడు. పక్కన నించున్నవాళ్ళని మళ్ళీ పిలవడు.

చెల్లెలు రెండుసార్లు వెళ్ళింది. రెండుసార్లూ పక్కన నించుంది.

రంగు వేసుకోవడానికి వీల్లేదు. ఎప్పుడో ఒకసారి వేసుకుంటే మొహం గుమ్మడికాయలా వాచి కళ్ళు పూడుకుపోయాయి. తను ఇస్త్రీ చేసిన దుప్పటి మీదే మూడు రోజులు రోగిగా పడుకుంది. “మడతలు బానే పెట్టానే,” అంది కళ్ళు తెరుచుకున్నాక. అందుకే ఆమె ఓడెక్కడం, ఎక్కకపోవడం అంతా అక్క పోసే టీ మీద ఉంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

డికాషనమ్మకి ఒక్కదానికే తెలుసని డికాషనమ్మ అనుకునే సంగతి ఇంకొకటుంది. ఆ రెండుసార్లూ ఆమె మొదటి రోజు, రెండో రోజు నిఖార్సైన టీ పోసింది. మూడో రోజు ఆఖరి గ్లాసులో ఒక నిమ్మచెక్క పిండింది. “మెరుపు కోసం,” అని చెప్పింది. టీ గ్లాసులో నిమ్మరసం పడితే రంగేమవుతుందో తాగేవాళ్ళందరికీ తెలుసు. నల్లటిది ఎర్రబడుతుంది, ఎర్రటిది పచ్చబడుతుంది. తల మీదైనా అంతే. గోడలు కట్టి, కప్పు తనే పీకేసింది.

అది మోసమని ఆమె అనుకోలేదు. భయమనుకుంది. భయపడ్డ మనిషి చేసేదాన్ని తప్పనకూడదు అనుకుంది.

అమ్మకి సంచి సర్దింది తనే. అప్పుడు తనకి పద్దెనిమిది, చెల్లెలికి ఆరేళ్ళు. ఆసుపత్రిలో రెండు రోజులుండాలన్నారు. ఏ లోటూ రాకూడదని అమ్మ వస్తువులన్నీ సంచిలో పెట్టింది. చెప్పులు, దుప్పటి, కళ్ళజోడు, దువ్వెన, ఆఖరికి అమ్మ నీళ్ళు తాగే గ్లాసు. ఇంట్లో అమ్మదనేది ఒక్కటీ మిగల్లేదు. మూడో రోజు సంచి ఒక్కటే ఇంటికి వచ్చింది. ఇంట్లో ఏదీ మిగల్చలేదు కనుకనే అమ్మ రాలేదని ఆ పద్దెనిమిదేళ్ళ పిల్లకి తోచింది. అరవై ఒకటి వచ్చినా ఆ తోచింది పోలేదు. అప్పట్నించీ ఎవరు ఊరెళ్ళినా వాళ్ళదొక వస్తువు చెప్పకుండా తీసి దాస్తుంది. వంతెనల పనికి వెళ్ళిన భర్త గడ్డం గీసుకునే బ్రష్షు మూడు నెలలు బియ్యం డబ్బాలో దాచింది. ఆయన తిరిగొచ్చాడు. ఆయన పోయింది ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకి, ఇంట్లోనే, ఏ సంచీ సర్దకుండానే. అలాంటి పోకకి మందు లేదు.

ఇవాళ చెల్లెలి కొమ్ముదువ్వెన ఆమె తలగడ గలేబులో ఉంది.

నిమ్మకాయ కూడా ఉంది. పొద్దున్నే కొంది. ముందు గది కిటికీ గూట్లో, గాజు గ్లాసు బోర్లించి దాని కింద పెట్టింది.

పదిన్నరకి లెక్కల టీచరమ్మ వచ్చింది. పక్క వీధి బడిలో ముప్పై ఏళ్ళుగా పాఠం చెబుతున్న మనిషి. సెలవురోజు కూడా గొంతు తగ్గదు.

“ఏం డికాషనమ్మా, మీ చెల్లెలు ఈసారైనా ఓడెక్కుతుందా, మనతోనే ఉంటుందా?” అంటూ కుర్చీలో కూలబడింది.

“ఎక్కకపోతే మీ బళ్ళో ఎక్కాలు చెప్పుకుంటాలెండి,” అంది లోపల్నించి చెల్లెలు. ముందు గదికీ వెనక గదికీ మధ్య పరదా ఒక్కటే అడ్డం.

“వద్దమ్మా, ఇస్త్రీపెట్టె పట్టుకుని వస్తే మా పిల్లలు నిజంగానే నేర్చేసుకుంటారు. అప్పుడు నా ఉద్యోగమేం కావాలి?” టీచరమ్మ తనే పగలబడి నవ్వి, తల వెనక్కి వాల్చింది. “డికాషనమ్మా, మొన్న మా తోడికోడలు ఏం చేసిందో విన్నావా? ఇంత దూరం ఎవరొస్తారు, నేనే ఇంట్లో పోసుకుంటానంది. పోసుకుంది. ఏం పోసుకుంది? పొద్దున్న తాగ్గా మిగిలిన టీ! పాలతో, పంచదారతో!”

“అయ్యో రామ!”

“తలగడ నిండా చీమలు. బారులు తీరి వచ్చాయట, పెళ్ళిభోజనానికొచ్చినట్టు. మా మరిది లేచి పక్క గదిలోకి పరుగు. ఇది మాత్రం ‘ఏమండీ, దువ్వి పెట్టండీ, దువ్వి పెట్టండీ’ అని ఏడుపు.”

పరదా వెనక చెల్లెలు కూడా నవ్వింది. డికాషనమ్మ నవ్వుతూనే టీచరమ్మ తలకి ఆరో గ్లాసు పోసింది. కింద బేసిన్లో పడ్డ నీళ్ళే మళ్ళీ ముంచి ఏడోది పోయబోతుంటే టీచరమ్మ ఒక కన్ను తెరిచింది.

“అదిగో గూట్లో నిమ్మకాయ ఉందే. నాక్కూడా ఒక చెక్క పిండు తల్లీ. మెరుస్తుందంటారుగా.”

“మీకొద్దండీ,” అంది డికాషనమ్మ, చేతిలో పని మీది ధ్యాసలో. “నిమ్మ తగిల్తే టీ దిగిపోతుంది. పోసిందంతా బూడిదలో పన్నీరే.”

మాట నోరు దాటాక గాని ఏమన్నదో ఆమెకి తెలియలేదు.

పరదా వెనక ఇస్త్రీపెట్టె బల్ల మీద పెట్టిన చప్పుడైంది. మళ్ళీ ఎత్తిన చప్పుడు కాలేదు. చాలాసేపు కాలేదు.

టీచరమ్మ తలకి గుడ్డ కట్టించుకుని, తన వరసలో తను మాట్లాడుకుంటూ వెళ్ళిపోయింది. డికాషనమ్మ బేసిన్ కడిగింది, కడిగిన బేసిన్ మళ్ళీ కడిగింది. వినబడిందా? వినబడితే అడిగేది కదా. అడగలేదంటే వినబడలేదన్నమాట. లేదా విన్నా పట్టించుకోలేదేమో. దానికెప్పుడూ నా మాటంటే చెవిటివాడి ముందు శంఖమే కదా. ఇలా తనకి తనే చెప్పుకుంది. పరదా తీసి లోపలికి వెళ్ళే ధైర్యం మాత్రం రాలేదు.

రెండింటికి చెల్లెలే బయటికి వచ్చింది. మెడ చుట్టూ పాత గుడ్డ చుట్టుకుని, చిన్న పీట లాక్కుని, బేసిన్ మీదికి తల వంచి కూర్చుంది. “కానీ అక్కా. ఆరింటికి బస్సు. ఆరడానికి టైం కావాలిగా,” అంది.

లీటరు నీళ్ళకి ఎనిమిది చెంచాల పొడి వేసి పొద్దున్నే మరిగించిన టీ, గిన్నెలో చల్లారి మందంగా, నల్లగా ఉంది. గుడ్డలో వడకట్టింది డికాషనమ్మ. ముందు సబ్బుతో తల రుద్ది, జిడ్డు పోయేదాకా కడిగి, నీళ్ళు పిండింది. తర్వాత మొదటి గ్లాసు పోసింది. చెవుల వెనక, మెడ మీద సన్నటి వెంట్రుకల్లో, నుదుటి అంచున వేళ్ళతో రుద్దింది. నెరిసిన వెంట్రుకలు దాక్కునే చోట్లు అవే. రెండు, మూడు, నాలుగు. చెల్లెలి తల ఆమె చేతులకి కొత్తది కాదు. అమ్మ పోయాక ఆ ఆరేళ్ళ తలకి నీళ్ళు పోసింది ఈ చేతులే. అప్పుడు కళ్ళల్లో సబ్బు పడిందని ఊరంతా వినబడేలా ఏడ్చేది. ఇప్పుడు చప్పుడు చెయ్యడం లేదు.

ఆరో గ్లాసు అయింది.

“నిమ్మకాయ కోసేశావా, ఇంకా లేదా?” అంది చెల్లెలు, వంచిన తల ఎత్తకుండానే.

డికాషనమ్మ చేతిలో గ్లాసు ఆగిపోయింది. గ్లాసు అంచు నుంచి ఒక్కో చుక్కా బేసిన్లో పడుతోంది.

“ఏ నిమ్మకాయే?”

“మెరుపు నిమ్మకాయ.”

“టీచరమ్మతో ఏదో మాటకి...”

“టీచరమ్మని ఎందుకు లాగుతావు పాపం. అక్కా, ఇరవయ్యారేళ్ళు. డాక్టర్లు కోట్ల మీద టీ ఒలకబోసుకుంటే, రోగులు దుప్పట్ల మీద ఒలకబోసుకుంటే, ఏం పెట్టి తీసేదాన్ననుకున్నావు? సబ్బుకి పోదు. సోడాకి పోదు. నిమ్మచెక్క రుద్ది ఎండలో పడేసేదాన్ని. గంటలో మరక ఉన్న జాడ ఉండేది కాదు. తాతకి దగ్గులు నేర్పినట్టు, నువ్వు నాకు మెరుపు అని చెప్పావు.”

డికాషనమ్మ గ్లాసు బేసిన్ అంచున పెట్టింది. చెల్లెలు రోజూ పని నుంచి వచ్చి ఆ మరకల కబుర్లే చెప్పేది. ఏ మరక దేనికి పోతుందో ఈ గదిలో కూర్చుని ఎన్నిసార్లు విన్నది తను! చెవులతో విన్నది బుర్రకి ఎందుకు ఎక్కలేదు? ఊళ్ళో ఇంకే ఆడదాన్నైనా నిమ్మచెక్కతో మోసం చెయ్యొచ్చు. తను మాత్రం ఏరి ఏరి ఇస్త్రీనే పట్టుకుంది.

“తెలిసీ ఎందుకు ఊరుకున్నావే?” అంది చివరికి.

“మొదటిసారి తెలీలేదు. వరసలో నించున్నాక పక్కనున్నావిడ అద్దమిచ్చింది. చెవుల పక్కంతా పాలిపోయి పచ్చగా ఉంది. అక్క చెయ్యి తప్పిందేమో అనుకున్నా. తిరిగొచ్చే బస్సులో జుట్టు మొహం మీద పడితే వాసన తగిలింది. నా చేతులకి ఇరవయ్యారేళ్ళు ఉన్న వాసనే.”

“రెండోసారి?”

“రెండోసారి తెలిసే తల వంచాను.”

“ఎందుకూ?”

బేసిన్లో నీళ్ళలో తన నీడ చూసుకుంటోందో, కళ్ళు మూసుకునే ఉందో పైనుంచి తెలియలేదు.

“నాకూ భయమే కదా అక్కా. ఈ ఊరు దాటి ఎప్పుడెళ్ళాను? వెళ్ళలేకపోయింది నా పిరికితనం వల్ల కాదు, మా అక్క నిమ్మకాయ వల్ల అనుకుంటే హాయిగా ఉండింది. నేరం నీది, నిద్ర నాది.”

“ఇప్పుడు భయం లేదా?”

“ఉంది. కానీ వచ్చే నెలకి నాకు యాభై. ఆ తర్వాత నువ్వు నెత్తిన తారు పూసినా ఎవరూ చూడరు.” మెడ మీది గుడ్డ సర్దుకుంది. “నీ మీద కోపంతో కాదు. నువ్వు పెంచావు, నువ్వు పెట్టావు, కాదన్నదెవరు? కాని ఈ గదిలో నేనెవర్ని? నీళ్ళు మోసేదాన్ని. అక్కడికెళ్తే ఇస్త్రీ చేసేదాన్ని. ఒక్కసారి మళ్ళీ ఆ మనిషిలా ఉండాలనుంది. అంతకంటే ఏం లేదు.”

“అమ్మ కూడా రెండు రోజులే అంది,” అని గొణిగింది డికాషనమ్మ.

“తెలుసు. ఆ సంగతి నువ్వు ఇప్పటికి వెయ్యిసార్లు చెప్పావు. అమ్మ మొహం నాకు గుర్తు లేదు, అమ్మ సంచి మాత్రం గుర్తుంది. నీ పుణ్యమే.” చెల్లెలి గొంతు మెత్తబడింది. “పిండాలంటే పిండు. నేను కళ్ళు తెరవను. నువ్వు ఏది పోస్తే అదే నెత్తిన పెట్టుకుని వెళ్తాను. పక్కన నించోమంటే నించుంటాను, ఎల్లుండి నుంచి మళ్ళీ నీళ్ళు మోస్తాను. టీచరమ్మక్కూడా చెప్పను. కాని ఈసారి భయమనీ, మెరుపనీ చెప్పుకోకు. ఏం పోస్తున్నావో తెలిసి పొయ్యి.”

తల ఇంకాస్త వంచింది. వంచిన మెడ మీద వెన్నుపూస మొదటి ఎముక ఉబ్బెత్తుగా కనబడుతోంది. ఆరేళ్ళప్పుడూ అక్కడే ఉబ్బెత్తుగా ఉండేది.

డికాషనమ్మ గూటి దగ్గరికి వెళ్ళింది. బోర్లించిన గ్లాసు ఎత్తింది. నిమ్మకాయ ఎప్పుడో కోసేసే ఉంది, రెండు చెక్కలుగా. ఎప్పుడు కోసిందో ఆమెకే గుర్తు లేదు. చెయ్యి తనంత తనే చేసుకుపోయింది. ఒక చెక్క పట్టుకుని కాసేపు నించుంది. వీధిలో ఎవరో సైకిలుకి గాలి కొట్టుకుంటున్నారు. ఆ చప్పుడు ఆగేదాకా నించుంది. బస్సు ఆరింటికి. ఇది పిండితే ఎల్లుండి పొద్దున్నకి మనిషి ఇంట్లో ఉంటుంది. ఇదే గుమ్మంలోంచి, ఇదే సంచీతో, మొహం వేలాడేసుకుని వస్తుంది. తను టీ ఇస్తుంది, తాగే టీ. అది తాగుతుంది. తర్వాత బకెట్టు ఎత్తుకుంటుంది. వచ్చేది ఎవరు? వచ్చేదాన్ని ఏమని పిలవాలి?

డికాషనమ్మ నిమ్మచెక్కని నోట్లో పెట్టుకుని కసుక్కున కొరికింది. తొక్కతో సహా నమిలింది. పళ్ళు జివ్వుమన్నాయి, కళ్ళమ్మట నీళ్ళు కారాయి. పులుపుకే అనుకోవచ్చు. రెండో చెక్క కూడా నోట్లో పెట్టుకుంది.

“ఏంటా చప్పుడు? ఏం తింటున్నావు?” అంది చెల్లెలు.

“మెరుపు,” అంది డికాషనమ్మ, నిండు నోటితో.

చెల్లెలి భుజాలు కదిలాయి. నవ్వో, ఇంకొకటో, తల వంచుకున్న మనిషి విషయంలో చెప్పడం కష్టం.

ఏడో గ్లాసు పోసింది. మామూలుగా ఏడుతో ఆపుతుంది. ఇవాళ ఎనిమిది, తొమ్మిది, పది పోసింది. గిన్నె అడుగున మిగిలిన మడ్డి కూడా గుడ్డలో పిండి పాపిట పొడుగునా అద్దింది. పాత గుడ్డ బిగించి కట్టి గంటన్నర ఉంచింది. ఆఖర్న చన్నీళ్ళు పైపైన పోసి, రుద్దకుండా, ఇంకో నల్ల తువ్వాలుతో అద్ది, కిటికీ దగ్గర కుర్చీ వేసి ఆరబెట్టింది.

నాలుగున్నరకి తల ఆరాక డికాషనమ్మ పాయలు తీసి చూసింది. పదహారేళ్ళలో ఎవరి తలకీ ఇంత బాగా పట్టలేదు. చెవుల పక్క, పాపిట్లో, మెడ మీద ఎక్కడా ఒక్క తెల్ల చార లేదు. పాత మంచం కోడులా, చేతులు తగిలి తగిలి నునుపెక్కిన చెక్కలా, నలుపుకీ గోధుమకీ మధ్య ముదురు రంగు. తన పని చూసుకుని ఆమెకి ఒక్క క్షణం గర్వంగా అనిపించింది. గర్వపడ్డందుకు తనని తానే తిట్టుకుంది.

చెల్లెలు అద్దంలో చాలాసేపు చూసుకుంది. “ఇస్త్రీ,” అంది అద్దంలో మనిషితో, పలకరించినట్టు.

ఐదున్నరకి ఇద్దరూ బస్‌స్టాండుకి నడిచారు. దారంతా డికాషనమ్మ జాగ్రత్తలు చెబుతూనే ఉంది. వాన పడితే తల దాచుకో. చెమట పట్టనీకు. మెడ తుడుచుకునేటప్పుడు తెల్ల రుమాలు వాడకు, పట్టుబడిపోతావు. బస్సులో తల వెనక్కి వాల్చకు, సీటుకి అంటుతుంది.

“రాత్రంతా కొంగలా ఒంటికాలి మీద నించుని వెళ్తాలే,” అంది చెల్లెలు.

బస్సు కదలడానికి ముందు కిటికీలోంచి చెయ్యి చాపి అక్క వేళ్ళు పట్టుకుంది. “దువ్వెన నీ తలగడ గలేబులో ఉందిగా,” అంది.

డికాషనమ్మ మొహం దొంగ మొహమైంది.

“ఉంచుకో. బావగారి బ్రష్షులాగా బియ్యంలో మాత్రం పెట్టకు. వెంట్రుకలు వస్తాయి.”

బస్సు వెళ్ళిపోయింది. రెండో రోజు పొద్దున్న, రేవు పట్నం బస్సు వచ్చే వేళకి డికాషనమ్మ మళ్ళీ వెళ్ళింది, అలవాటుగా. ఆ బస్సులోంచి చెల్లెలు దిగలేదు. తన టీ పట్టిందన్నమాట.

ఇరవై రోజులకి ఉత్తరం వచ్చింది. ఆఫీసరు తన ముందు ఆగను కూడా ఆగలేదట, తల చూసి తలూపి ముందుకెళ్ళిపోయాడట. ‘అక్కా, నీకో సంగతి చెబితే నవ్వుతావు. ఇక్కడ ఇస్త్రీ గది ఓడ అడుగున ఉంది. పనిలో ఉన్నంతసేపూ అందరం తలకి గుడ్డ కట్టుకోవాలి, రూలు. జుట్టు ఎవరిదీ ఎవరికీ కనబడదు. నువ్విచ్చిన టీ పొడి నెత్తికి అక్కర్లేకపోయింది, నేనూ నా పక్క బల్లావిడా తాగేశాం. జుట్టు మళ్ళీ తెల్లబడింది. ఇక్కడ నన్ను ఇస్త్రీ అని పిలుస్తున్నారు.’ కింద, వేరే సిరాతో, ‘నీకు పొలమారుతోందా?’

డికాషనమ్మ ఆ ఉత్తరం లెక్కల టీచరమ్మకి చదివి వినిపించింది. చివరి రెండు మాటలూ చదవలేదు. వాటిని తనకి ఉంచుకుంది.

పదకొండు నెలలయ్యాక, ఇంకో పదకొండు నెలలకి సంతకం పెట్టానని రాసింది. ఆ తర్వాత ఇంకోసారి పెట్టింది. ఈసారి అయిపోయాక తప్పకుండా వస్తానని, దువ్వెన తియ్యి అని రాసింది. డికాషనమ్మ గలేబులోంచి దువ్వెన తీసి, కడిగి, అద్దం ముందు పెట్టింది.

చెల్లెలు తిరిగి రాలేదు. వెళ్ళిన మూడో ఏట, ఫిబ్రవరి నెల పదకొండో తేదీ, బుధవారం, పొద్దుటి షిఫ్టులో, ఇస్త్రీ బల్ల దగ్గర నించునే పోయింది.